చెప్పులు, కంచాలు, క్యాలెండరు వెనక పేజీలు: ఒక అంగన్‌వాడీ పరిశీలన డైరీ

జూన్ 30

బాల్య విద్య డిప్లొమాలో చివరి ప్రాజెక్టు కోసం నేను ఎంచుకున్న పనిలో రెండు భాగాలు ఉన్నాయి. విజయనగరానికి బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న ఒక గ్రామంలోని అంగన్‌వాడీ కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఏమి నేర్చుకుంటున్నారో చూసి రాయడం మొదటిది. ఆ రాతను, నేను వెళ్లిపోయిన తరువాత కూడా అక్కడి టీచరు సాగించగలిగే రూపంలోకి తేవడం రెండవది. దరఖాస్తులో మొదటి భాగానికి రెండు పేజీలు, రెండవ భాగానికి ఒకే ఒక వాక్యం కేటాయించాను.

కేంద్రం రిజిస్టరులో 19 మంది పిల్లల పేర్లు ఉన్నాయి. రోజూ వచ్చేవారు 14 నుంచి 17 మంది వరకు ఉంటారట. ఒక గది, ఒక వరండా, వెనక వంట చేసుకునే చోటు, ముందు వేపచెట్టు. టీచరు, ఆయా తప్ప వేరే సిబ్బంది లేరు. తల్లుల సమావేశంలో నా పని ఏమిటో చెప్పి అనుమతి తీసుకున్నాను. ఫొటోల్లో పిల్లల ముఖాలు రాకూడదని, చేతులు, చేతుల్లోని పని మాత్రమే కనిపించాలని అక్కడే ఒప్పందం చేసుకున్నాము. నోటుబుక్కులో అసలు పేర్లు ఉండవు. ప్రతి పిల్లకూ ఒక చెట్టు పేరు పెట్టాను. ఈ డైరీలో ఎక్కువగా కనిపించేది నేరేడు అనే నాలుగున్నర ఏళ్ల పాప, పనస అనే ఐదేళ్ల బాబు.

జూలై 5

మొదటి మూడు రోజుల్లో 22 పేజీలు రాసి గైడుగారికి పంపాను. మెప్పు వస్తుందనుకున్నాను. పేజీలన్నీ ఎర్ర గీతలతో తిరిగి వచ్చాయి. ‘అల్లరివాడు’, ‘మంచి పిల్ల’, ‘మందకొడి’, ‘స్థిమితం లేదు’, ‘హుషారైనది’ వంటి మాటల కింద ఆయన గీతలు గీశారు. లెక్కపెట్టి చూసుకుంటే అవి 61 ఉన్నాయి. పిల్లల నోటి మాటను ఉన్నది ఉన్నట్టు రాసిన చోట్లు నాలుగే. చివరి పేజీలో ఆయన రాసింది ఇంతే: ‘‘అమ్మా, ఇందులో నువ్వు చూసినది ఏది, అనుకున్నది ఏది? విడదీసి మళ్లీ రాయి.’’

విడదీయడం మొదలుపెట్టిన తరువాత తెలిసింది, 22 పేజీల్లో చూసినది మూడు పేజీలకు మించి లేదని. ఇప్పుడు పేజీని నిలువుగా రెండుగా మడుస్తున్నాను. ఎడమ పక్కన పిల్ల చేతులు ఏమి చేశాయి, కాళ్లు ఎటు వెళ్లాయి, నోరు ఏమన్నది, ఎంత సేపు అన్నవి మాత్రమే ఉంటాయి. కుడి పక్కన నా ఊహ ఉంటుంది, అదికూడా సాయంత్రం ఇంటికి వచ్చాకే. ఈ క్రమశిక్షణ కొత్తదేమీ కాదు. 1924 నుంచి 1927 వరకు కేంబ్రిడ్జిలోని మాల్టింగ్ హౌస్ పాఠశాలను నడిపిన సూజన్ ఐజాక్స్ పిల్లల మాటలను, చేతలను వివరంగా నమోదు చేయించిన తీరును తరగతిలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా నా చేతికి అది రాలేదు.

జూలై 10

ఈ రోజు తనిఖీ పట్టిక ప్రయత్నించాను. శారీరక, సామాజిక-భావోద్వేగ, మేధోపర, భాషా, సౌందర్య-సాంస్కృతిక రంగాలన్నింటినీ కలిపి 48 అంశాలు తయారు చేసుకున్నాను. ఒక్కొక్కదానికి ‘చేయగలదు, కొంత చేయగలదు, ఇంకా లేదు’ అనే మూడు గళ్లు. 19 మందికి 48 చొప్పున 912 గుర్తులు. ఒక్కో గుర్తుకు పది సెకన్లే పడుతుందనుకున్నా రెండున్నర గంటలు అవుతుంది. అది కూడా ఆలోచించకుండా గుర్తు పెట్టుకుంటూ పోతే.

కాలం సంగతి అలా ఉంచితే, ‘స్పష్టంగా మాట్లాడుతుంది’ అనే అంశం దగ్గర నేను చేసిన పని ఇక్కడ రాసుకోవాలి. ఒక పాప ‘‘మా తమ్ముడు రానేదు, ఆడికి జొరం’’ అన్నది. నేను ‘కొంత చేయగలదు’ అనే గడిలో గుర్తు పెట్టాను. ‘నేదు’ అన్నది తప్పు ఉచ్చారణ కాదు. అది ఆ ఊరి మాట, పాప తల్లి మాట, టీచరు ఇంట్లో మాట్లాడే మాట. రాకపోవడం ఒకటి, అందుకు కారణం ఒకటి, రెంటినీ వరసలో పెట్టి చెప్పిన మూడేళ్ల పాపకు నేను సగం మార్కు ఇచ్చాను. ఆ గుర్తును కొట్టివేశాను. పట్టికను కూడా పక్కన పెట్టాను, అయితే పారేయలేదు. ఏ రంగాన్ని నెల రోజులుగా చూడకుండా వదిలేశానో గుర్తు చేయడానికి అది పనికివస్తుంది.

జూలై 16

కాల నమూనా పద్ధతి. నలభై నిమిషాల స్వేచ్ఛా ఆట సమయంలో రెండు నిమిషాలకొకసారి పనస ఎక్కడ ఉన్నాడో, ఏమి చేస్తున్నాడో ఒక ముక్కలో రాశాను. జూలై మొదటి వారంలో నేను ‘స్థిమితం లేని పిల్లవాడు’ అని రాసినది ఇతని గురించే. ఇరవై నమోదుల్లో పదిహేడింటిలో అతను నడుస్తూనే ఉన్నాడు, కాబట్టి నా మాట తప్పని అనలేము. కాని పదమూడింటిలో అతని చేతిలో ఏదో ఒక వస్తువు ఉంది. ఆ పదమూడూ ఒకే దారిలో ఉన్నాయి: గదిలోని చెక్క దిమ్మెల అర నుంచి వేపచెట్టు మొదటికి. దిమ్మెలు అయిపోయాక పలకలు, పలకలు అయిపోయాక చింతగింజల డబ్బా. టీచరు పిలిచి కూర్చోబెట్టినప్పుడు రెండు నమోదుల పాటు కూర్చుని, మళ్లీ లేచి, వదిలిన చోటి నుంచే మొదలుపెట్టాడు.

కుడి పక్కన ఏమి రాయాలో ఈ రోజు తెలియలేదు. ఖాళీగా వదిలాను. ఈ ప్రాజెక్టులో నేను వదిలిన మొదటి ఖాళీ ఇదే.

ఒక మాట. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం గదిలో జరగలేదు; చెట్టు కింద, వరండాలో, గుమ్మం దగ్గర జరిగింది. ‘అంగన్’ అంటే ముంగిలే కదా. 1945లో మహారాష్ట్రలోని బోర్డిలో తారాబాయి మోడక్ పల్లె పిల్లల కోసం పని మొదలుపెట్టి, బడికి రాని పిల్లల ముంగిట్లోకే బడిని తీసుకువెళ్లిన ఆలోచన నుంచి వచ్చిన పేరు ఇది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆ పేరును దేశమంతా తీసుకువెళ్లింది. మన రాత మాత్రం ఇంకా గది మధ్యలో, చాప మీద కూర్చున్న పిల్లల గురించే ఉంటుంది.

జూలై 23

ఈ రోజు నమోదును విపులంగా రాస్తున్నాను.

భోజనానికి ముందు కంచాలు వేసే పని టీచరు రోజుకొకరికి ఇస్తారు. ఈ రోజు నేరేడు వంతు. ఇప్పటి దాకా తొమ్మిది సార్లు చూసినా ఈ పాప నోట ఒక్క అంకె కూడా నేను వినలేదు. అందరూ కలిసి ఒకటి నుంచి పది వరకు వల్లించేటప్పుడు కూడా పెదవులు కదపదు. తనిఖీ పట్టికలో ‘వస్తువులను లెక్కించగలదు’ ఎదురుగా ‘ఇంకా లేదు’ అని ఉంది.

పాప కంచాల దొంతర మొత్తాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, వరసగా కూర్చున్న పిల్లల వైపు కాకుండా, గుమ్మం వైపు నడిచింది. గుమ్మం బయట చెప్పులు ఉన్నాయి. దొంతరను నేల మీద దించి, ఒక జత చెప్పుల పక్కన ఒక కంచం పెట్టింది. తరువాతి జత పక్కన ఇంకొకటి. నా చెప్పుల దగ్గరికి వచ్చి ఆగి, దాటి వెళ్లింది. టీచరు చెప్పులను, ఆయా చెప్పులను కూడా అలాగే దాటింది. ఒక జతలో ఒక చెప్పు దూరంగా పడి ఉంటే దానిని తెచ్చి రెండవ దాని పక్కన చేర్చి, అప్పుడు కంచం పెట్టింది. అంతా అయ్యాక మిగిలిన దొంతరను గోడకు జరిపి, చెప్పుల పక్కన పెట్టిన కంచాలను ఒక్కొక్కటిగా ఏరుకుని లోపలికి రాబోయింది. ఇంతలో ఆయా చూసి, ‘‘సెప్పుల కాడ కంచాలేటే!’’ అని కేక వేసి, కంచాలన్నీ లాక్కుని కడగడానికి తీసుకువెళ్లింది. పాప ఏడవలేదు. కంచాలు కడిగి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఆ కడిగిన కంచాలను పిల్లల ముందు వేసింది. పదిహేను కంచాలు, పిల్లలు పదహారు మంది. చివర కూర్చున్న ఒక బాబుకు కంచం రాలేదు. ఆ బాబు ఈ రోజు చెప్పులు లేకుండా వచ్చాడు.

సమయం: పదకొండు నిమిషాలు. పాప మాట్లాడిన మాటలు: లేవు.

నేను మొదటి నుంచి చూడకుండా చివరి నిమిషంలో తల ఎత్తి ఉంటే, ‘కంచాలు ఒకటి తక్కువ వేసింది, లెక్క రాదు’ అని రాసి ఉండేదాన్ని. అది అబద్ధం కూడా కాదు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క వస్తువును జత చేయడం లెక్కకు పునాది అని, అంకెల పేర్లు నోటికి రావడం వేరు, ఈ జత చేయడం వేరు అని మా పాఠ్యాంశంలో ఉంది. చెప్పుల జతను ‘ఒకటి’గా తీసుకోవడం, పెద్దవాళ్ల చెప్పులను పరిమాణం చూసి పక్కన పెట్టడం, విడిపోయిన చెప్పును ముందు జతకు చేర్చడం, ఇవన్నీ ఆ పాఠ్యాంశంలో ఏ అంశం కింద వస్తాయో నేను వెతుక్కోవాలి. పాప పద్ధతిలో తప్పు లేదు. చెప్పులు లేని బాబు ఆ పద్ధతికి అందలేదు. ఒక కంచం తగ్గబట్టే ఆ పద్ధతి ఏమిటో నాకు తెలిసింది.

సాయంత్రం టీచరు రోజువారీ పుస్తకంలో ఏమి రాశారో అడిగి చూశాను. ‘నేడు కంచములు మురికి చేసినది’ అని ఉంది. ఆమెను తప్పుపట్టలేను. ఆ పదకొండు నిమిషాలు ఆమె ఫోనులో టేక్‌హోమ్ రేషన్ తీసుకునే ఒక బాలింత ముఖాన్ని యాప్ గుర్తించక అవస్థపడుతున్నారు.

జూలై 24

నేరేడు వంతు కాకపోయినా టీచరు ఈ రోజు కూడా ఆమెకే కంచాలు ఇచ్చారు, నేను అడగలేదు. పాప కంచాలను గుమ్మం దాటించలేదు. లోపలే నిలబడి, బయట ఉన్న ఒక్కో జతను చూస్తూ, లోపలి నేల మీద ఒక్కో కంచం దించింది. ఆయా ఏమీ అనలేదు.

ఆగస్టు 7

రెండవ భాగం పని మొదలైంది. రెండు గళ్ల కాగితాలను టీచరుకు ఇచ్చి, రోజుకు ఇద్దరు పిల్లల గురించి రాయమన్నాను. వారం తరువాత చూస్తే మూడు కాగితాలు నిండాయి, మూడూ ఒకే రోజున, ఒకే సిరాతో. ఆమె దాచలేదు: ‘‘మీరొస్తారని రాత్రి రాసినాను మేడమ్.’’

ఆమె రోజు ఎలా సాగుతుందో ఒక పూట పక్కన కూర్చుని రాసుకున్నాను. హాజరు, గుడ్ల నిల్వ, పాల లెక్క, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదులు, బరువులు, ఎత్తులు, గర్భిణుల ఇళ్లకు వెళ్లడం, ఇవన్నీ అయ్యాక పిల్లలతో ఆట, పాట. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసు పిల్లలకు పరీక్షలు తగవని, వారిని గమనించడం, వారు చేసిన పనులను పరిశీలించడం అనే రెండు దారులనే సూచిస్తుంది. ఆ మాటతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. కాని గమనించడానికి కన్ను ఖాళీగా ఉండాలి. కడిగిన గుడ్లు లెక్కపెడుతున్న మనిషికి ఆ కన్ను ఎక్కడి నుంచి వస్తుందో చట్రం చెప్పదు.

ఇంకొక చిక్కు కూడా కనిపించింది, నేను ఊహించనిది. ఆమె నాతో నోటితో చెప్పేటప్పుడు ‘‘ఈ గుంటడు ఇటికముక్క సెవికాడ పెట్టుకుని ఫోన్లో మాటాడతన్నాడు, మద్దెలో ఆగి ఇంటన్నాడు కూడాను’’ అంటారు. అదే కాగితం మీదికి వచ్చేసరికి ‘బాలుడు అనుకరణ క్రీడ యందు పాల్గొనెను’ అవుతుంది. మధ్యలో ఆగి వినడం, అంటే అవతలి మనిషి కూడా మాట్లాడతాడనే ఎరుక, ఈ వాక్యంలో ఎక్కడా లేదు. నేను నేర్చుకున్న పాఠానికి ఇది తిరగేసిన రూపం: నా రాత విశేషణాలతో చెడింది, ఆమె రాత గ్రాంథికంతో చెడింది.

ఆగస్టు 29

తెలుగు భాషా దినోత్సవం రోజున ఈ ఏర్పాటు కుదరడం కేవలం యాదృచ్ఛికం. టీచరు ఇకపై రాయరు, చెబుతారు. చూసిన వెంటనే ఫోనులో అర నిమిషం, తమ మాటలోనే. వారానికొకసారి, శనివారం మధ్యాహ్నం, ఆ మాటలను వింటూ ఒక్కో పిల్లకు ఒకటి రెండు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద పెడతారు. కాగితం కూడా ఆమె ఎంపికే: పాత గోడ క్యాలెండర్ల వెనక పేజీలు. ఒక్కో పిల్లకు ఒక పేజీ, తాడుతో కట్టి, లోపలి గోడకు మేకు. వచ్చిన తల్లులకు ఇతరుల పిల్లల పేజీలు కనబడకుండా పైన ఒక అట్ట. రిజిస్టరులో రాయడానికి భయపడిన మనిషి క్యాలెండరు వెనక భయపడలేదు.

ఆ రోజు గుర్తుకు తెచ్చుకునే గిడుగు రామమూర్తి ఈ ప్రాంతంవారే, శ్రీకాకుళం దగ్గర పుట్టినవారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. మనిషి ఎలా మాట్లాడుతున్నాడో ముందు విని, తరువాత రాయాలన్న ఆయన పట్టు, బోధన కోసమే పుట్టింది. బాల్య విద్యలో పరిశీలన గురించి మాట్లాడేటప్పుడు మనం, పిల్లల పనులను నమోదు చేసే బడులకు పేరుపడిన ఇటలీలోని రెజియో ఎమీలియా నగరం దాకా వెళతాము. వెళ్లవలసిందే, నేనూ వెళ్లాను. శ్రీకాకుళం మీదుగా వెళితే తప్పు లేదు.

సెప్టెంబరు 13

తల్లుల సమావేశంలో పేజీలు చదివి వినిపించాము, ఎవరి పిల్ల పేజీ వారికే, విడిగా. న్యూజిలాండ్‌లో మార్గరెట్ కార్ రూపొందించిన అభ్యసన కథల పద్ధతిలో, పిల్ల చేసిన పనిని కథలా కుటుంబానికి చెప్పి, వారి మాటను కూడా ఆ కాగితం మీదే చేరుస్తారు. మేము తీసుకున్నది ఆ ఒక్క అలవాటే.

పనస గురించి నేను మనసులో ఒక వివరణ కట్టుకుని ఉన్నాను: తండ్రి తాపీ పని చేస్తాడు, ఇటుకలు మోయడం చూసి ఉంటాడు. తల్లి అది విని నవ్వి, తండ్రి పనికి వెళ్లే చోటికి బాబు ఎప్పుడూ వెళ్లలేదని చెప్పింది. ఇంట్లో ఉన్నది ఒకే గది. చంటిపిల్ల నిద్రపోతుంటుంది కనుక వీడిని ఏ వస్తువునూ జరపనివ్వరు. ‘‘ఇంటికాడ సప్పుడవకండా కూకోమంతాం. ఇక్కడికొచ్చి మోసుకుంటన్నాడు గావాల.’’ ఇది కూడా ఊహే, కాని నా ఊహ కంటే దగ్గరి మనిషి ఊహ. జూలై 16 నాటి ఖాళీలో ఆ వాక్యాన్ని ఆమె మాటల్లోనే రాశాను.

నేరేడు తరఫున నానమ్మ వచ్చారు. చెప్పుల సంగతి చదువుతుండగానే అడ్డుపడి, ‘‘అది నేనే నేర్పినాను’’ అన్నారు. ఆమెకు రాత్రిపూట చూపు సరిగా ఆనదు. తలుపు గడియ పెట్టే ముందు ఇంట్లోవాళ్లందరూ వచ్చారో లేదో చూడమని మనవరాలిని గుమ్మానికి పంపుతారు. పాప వచ్చి ‘‘నాన్నయి నేవు’’ అంటే గడియ పెట్టరు. రెండు నెలలుగా నేను ‘పాప కనిపెట్టుకున్న పద్ధతి’ అని రాసుకుంటూ వచ్చినది ఆ ఇంటి ఆచారం. ఇంటి పద్ధతిని కంచాలకు అన్వయించుకున్నది మాత్రం పాపే. ఆ ఒక్క మాటను ఉంచి, మిగిలినది దిద్దుకున్నాను.

అక్టోబరు మొదటి పక్షం

పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర అయిన మూడో రోజు. సగానికి పైగా పిల్లలు పెద్దల భుజాల మీద కూర్చుని చూసి వచ్చారు. మాను చివర పూజారి కూర్చుని గాలిలో సాగిపోవడం వాళ్ల కళ్లలో ఇంకా ఉంది. పనస వేపచెట్టు కిందికి ఒక పొడవాటి కర్ర మోసుకొచ్చి, ఇటుక మీద అడ్డంగా పెట్టి, ఒక చివర గుడ్డబొమ్మను కూర్చోబెట్టాడు. బొమ్మ వైపు కిందికి వాలింది. బొమ్మను తీసి మళ్లీ పెట్టాడు, వాలింది. రెండో చివరను చేత్తో నొక్కితే బొమ్మ లేచింది, చెయ్యి తీస్తే పడింది. అప్పుడు వెళ్లి ఒక రాయి తెచ్చాడు, తరువాత ఇంకొకటి. రెండు రాళ్లకు ఆ చివర పూర్తిగా దిగి బొమ్మ పైకి లేచింది. ‘‘అమ్మోరు లేచినాది!’’ అని అరిచాడు. మిగతావాళ్లు చేతులు జోడించారు. ఒక పిల్ల అరటిపండు తొక్క విసిరింది. పద్నాలుగు నిమిషాలు ఒకే చోట. ఈ నమోదు నాది కాదు. టీచరు ఫోనులో చెప్పినదానిని నేను విని రాశాను. చివర ఆమె ఒక ప్రశ్న కూడా చేర్చారు: ‘‘ఇటిక జరిపితే ఏటౌద్దో రేపు అడుగుతాను.’’ గమనించినది మరునాటి పాఠాన్ని మార్చడం ఈ ప్రాజెక్టులో ఇదే మొదటిసారి. అంతకు ముందు పేజీలు నిండుతున్నా బోధన మునుపటిలాగే ఉంది. నివేదికలో ఈ సంగతి దాచకుండా రాయాలి.

అక్టోబరు చివరి వారం

నివేదిక పని మీద నేను ఇంట్లోనే ఉన్నాను. 19 పేజీల్లో పన్నెండు నిండుగా ఉన్నాయి. నాలుగింటిలో రెండేసి వాక్యాలు ఉన్నాయి. మూడు దాదాపు ఖాళీ. ఆ ముగ్గురూ గొడవ చేయని, సాయం అడగని, ఎక్కువ మాట్లాడని పిల్లలు; నేను చూసినప్పుడూ నా కన్ను వారిని దాటే వెళ్లింది. పాత తనిఖీ పట్టికను బయటికి తీసి, వచ్చే నెల మొదట చూడవలసినవారిగా ఆ మూడు పేర్లను టీచరుకు పంపాను. జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లే పిల్లల పేజీలు బడికి ఇవ్వాలా, తల్లులకు ఇవ్వాలా అన్నది ఇంకా తేలలేదు. తల్లులకే ఇవ్వాలని టీచరు పక్షం, నా పక్షం కూడా.

ఈ రోజు ఉదయం నుంచి ముసురు. మధ్యాహ్నం ఒంటి గంటకు ఫోనులో టీచరు మాట వచ్చింది. వెనక వాన చప్పుడు కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

‘‘మేడమ్, వోన కదా, సెప్పులన్నీ లోపల గోనిసంచిలో ఏసేసినాను. ఈలు పదేడుగురొచ్చినారు. మన గుంట కంచాలట్టుకుని గుమ్మం కాడికెల్లింది, సూసింది, ఏటీ నేవు. రొంతసేపు అలగే నిలబడిపోనాది. నేనేటీ అన్నేదు, మీరు సెప్పినారు కదా అని. ఎనక్కొచ్చి, ఒకో పిల్ల నెత్తి మీద సెయ్యేసి ఒకో కంచం ఎట్టింది. సెప్పుల్లేకండా వొచ్చే గుంటడికీ ఎట్టింది. ఆకరికి నా కాడికొచ్చి, నా నెత్తి మీద కూడా సెయ్యేసి, నాకూ ఒకటెట్టింది. పద్దినిమిది.’’